పరుగెత్తకుండానే గుండెకు పరీక్ష

తెలుగు సినిమాలో గుండెపోటుకు ఒక ఆనవాయితీ ఉంది. తండ్రి పాత్ర ధరించిన పెద్దమనిషి చేతికందిన ఉత్తరం చదువుతాడు, లేదా కొడుకు నోట వినరాని మాట వింటాడు. మరుక్షణమే ఛాతీ పట్టుకొని సోఫాలో ఒరిగిపోతాడు. గుమ్మడి వెంకటేశ్వరరావుగారు ఇటువంటి ఘట్టాలను ఎంత సహజంగా పోషించారంటే, గుండెపోటు అనగానే ఆయన పేరు తలచుకోవడం తెలుగునాట ఒక చమత్కారంగా స్థిరపడిపోయింది. ఆయన మాత్రం 82 ఏళ్ళు జీవించారు.

ఆ ఘట్టాలతో నాకు వైద్యుడిగా పేచీ లేదు. కాని హృద్ధమనుల వ్యాధి అసలు స్వభావం వాటిలో కనిపించదు. మనిషి కదలకుండా కూర్చొని ఉన్నంతసేపూ ఈ జబ్బు చాలావరకు మౌనంగా ఉంటుంది. మెట్లెక్కేటప్పుడో, కడుపునిండా భోజనం చేసి నడిచేటప్పుడో, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఎత్తు రోడ్డు ఎక్కేటప్పుడో ఛాతీలో బరువుగా పలకరిస్తుంది. ఆగి నిలబడితే తగ్గిపోతుంది. ఆ మనిషి డాక్టరు ఎదుట కుర్చీలో కూర్చునే సరికి రక్తపోటు బాగుంటుంది, నాడి బాగుంటుంది, ఈసీజీ సైతం చాలాసార్లు నిర్దోషంగా ఉంటుంది. విశ్రాంతిగా ఉన్న గుండె చేత నిజం చెప్పించడం ఎలా? గత తొంభై ఏళ్ళకు పైగా వైద్యులు వెతికినది ఈ ప్రశ్నకు సమాధానమే.

ఆ సమాధానంలో భీమవరం వాసి ఒకరి పాత్ర ఉన్నదని చాలామందికి తెలియదు.

1929వ సంవత్సరంలో మూడు వేర్వేరు చోట్ల, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, మూడు పరిశోధనలు వెలువడినవి. మొదటిది న్యూయార్కులో. ఆర్థర్ మాస్టర్ అనే వైద్యుడు రోగి చేత రెండు మెట్లు ఎక్కించి, దింపి, మళ్ళీ ఎక్కించి గుండె తట్టుకునే శక్తిని కొలిచే పద్ధతి ప్రకటించాడు. (ఫిలింనగర్‌లో మాస్టరు అంటే డాన్సు మాస్టరో, ఫైట్ మాస్టరో. ఈయన ఆ కోవకు చెందినవాడు కాదు, ఇది ఆయన ఇంటిపేరు.) రెండవది కేంబ్రిడ్జిలో. డ్రూరీ, జెంట్-గ్యోర్గి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎద్దు గుండె కండరం నుంచి తీసిన సారాన్ని జంతువులకు ఎక్కించి చూశారు. గుండె వేగం తగ్గింది, గుండెకు రక్తం తెచ్చే నాళాలు విచ్చుకున్నవి. ఆ సారంలో పని చేసినది ఎడినోసిన్ కుటుంబానికి చెందిన పదార్థమని వారు తేల్చారు. జెంట్-గ్యోర్గికి 1937లో నోబెల్ బహుమతి వచ్చింది కాని, అది విటమిన్-సి మొదలైన వాటిపై కృషికి.

మూడవది హార్వర్డులో. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేస్తున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు కండరంలోని భాస్వర సమ్మేళనాలను వెలికితీస్తూ ఏటీపీని గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దానిని కనుగొన్నాడు. ఆయన వ్యాసం కొంచెం ముందు వెలువడింది కనుక పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు ముందు ఉంటుంది. సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఖద్దరు కట్టి బ్రిటిష్ ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో బయటపడ్డారు. ఆ పట్టాతోనే సముద్రం దాటిన మనిషి, మన శరీరంలోని ప్రతి కణమూ ఖర్చు పెట్టే నాణెం ఏమిటో లోకానికి చూపినవారిలో ఒకరయ్యారు.

ఆ నాణేనికి, గుండె పరీక్షకు ఏమిటి సంబంధం? ఏటీపీ అంటే ఎడినోసిన్‌కు మూడు ఫాస్ఫేటులు తగిలించిన అణువు. కండరం పని చేసినప్పుడు ఆ ఫాస్ఫేటులు ఒక్కొక్కటే ఊడిపోతూ శక్తి విడుదలవుతుంది. రాబడికి మించి ఖర్చు అయినప్పుడు చివరకు మిగిలేది ఒట్టి ఎడినోసిన్. అది కణం వెలుపలికి వచ్చి, అక్కడి సన్నని రక్తనాళాలను విచ్చుకొనేట్లు చేస్తుంది. అంటే ఖజానా ఖాళీ అయిన కణం తానే రక్తం కోసం కబురు పెట్టుకుంటుంది. గుండెలో రక్తప్రవాహం ఈ విధంగా నియంత్రింపబడుతున్నదని 1963లో రాబర్ట్ బెర్న్ ప్రతిపాదించాడు. ఇందులో ఎడినోసిన్ ఒక్కటే కర్త కాదని తరువాతి పరిశోధనలు చూపినవి. అయినా అది బలమైన కర్తలలో ఒకటి అన్నది నిలిచింది.

ఇక్కడ నేను గోదావరి డెల్టా కాలువల సాయం తీసుకుంటాను. ఆ కాలువల కింద వ్యవసాయం చేసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. కాలువలో ఒకచోట పూడిక పడి సగం మూసుకుపోయిందనుకుందాం. వేసవిలో తాగునీటికి వదిలే కొద్దిపాటి నీరు ఆ సందు గుండా సునాయాసంగా సాగిపోతుంది, ఎవరికీ లోటు తెలియదు. నాట్ల సమయం వచ్చి అందరూ ఒక్కసారిగా తూములు ఎత్తితే అప్పుడు శివారు భూములు ఎండుతాయి. అమెరికాలోని సియాటిల్‌లో లాన్స్ గౌల్డ్ బృందం 1974లో కుక్కల హృద్ధమనులను క్రమక్రమంగా బిగిస్తూ కొలిచి చూపినది ఇదే. విశ్రాంతి సమయపు ప్రవాహం, నాళం దాదాపు 85 శాతం మూసుకుపోయే వరకు తగ్గదు. గరిష్ఠ ప్రవాహం మాత్రం అంతకు చాలా ముందే తగ్గడం మొదలవుతుంది. పూడికకు దిగువనున్న రైతు తన తూమును ముందే పూర్తిగా ఎత్తుకొని ఉంటాడు. అందరూ ఎత్తేవేళకు అతని దగ్గర ఎత్తడానికి ఇంకేమీ మిగలదు. గుండెకు చేసే ఒత్తిడి పరీక్షలన్నీ ఈ ఒక్క సూత్రం మీద నిలిచినవే.

అదే 1974లో అక్కినేని నాగేశ్వరరావుగారికి అమెరికాలో గుండె శస్త్రచికిత్స జరిగింది. తెలుగు దేశమంతా ఊపిరి బిగబట్టిన ఘట్టమది. బైపాస్ అనే మాట సామాన్యుల ఇళ్ళలో వినిపించడం ఆయనతోనే మొదలయిందంటే అతిశయోక్తి కాదనుకుంటాను. ఛాతీ కోయించుకొన్న మనిషి తిరిగివచ్చి మళ్ళీ నటించడమే కాక, హైదరాబాదులో రాళ్ళగుట్టల నడుమ 22 ఎకరాలలో అన్నపూర్ణ స్టూడియో నిర్మించి 1976 నాటికి ప్రారంభించారు. మద్రాసులో ఉన్న పరిశ్రమ ఈ కొండల మీదికి తరలిరావడంలో అది పెద్ద మలుపు. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు, ఫిలింనగర్ కాలనీ ఆ వరుసలో వచ్చినవి. ఆ శస్త్రచికిత్స తరువాత ఆయన దాదాపు 40 ఏళ్ళు జీవించి 2014 జనవరిలో కన్నుమూశారు. ఆ మరణానికి కారణం గుండె కాదు, క్యాన్సరు.

1974 నాటికి వైద్యుల చేతిలో ఉన్నవి రెండే దారులు. ఒకటి, పట్టా మీద నడిపించి ఈసీజీ తీయడం. దీనికి నేటికీ వాడుకలో ఉన్న పద్ధతిని 1963లో రాబర్ట్ బ్రూస్ స్థిరపరిచాడు. ఆయనదీ సియాటిలే. మూడేసి నిమిషాలకొకసారి పట్టా వేగమూ ఏటవాలూ పెరుగుతాయి. మనవాళ్ళు టీఎంటీ అనేది ఇదే. రెండవది, నాళంలోకి గొట్టం పంపి రంగుమందు ఎక్కించి ఫోటో తీసే యాంజియోగ్రామ్. మొదటిదానికి కాళ్ళు కావాలి, రెండవదానికి తెగువ, డబ్బు కావాలి. నేను ఉద్యోగం చేసిన తాలూకా ఆసుపత్రులలో రెండూ లేవు. ఆసుపత్రి మెట్లే మా పట్టా, రోగి ముఖమే మా మానిటరు.

కాళ్ళు కావాలి అన్నది చిన్న షరతుగా కనిపిస్తుంది. అరవై దాటిన మన తెలుగు స్త్రీలను చూడండి. మోకాళ్ళ నొప్పి లేనివారు ఎందరు? పట్టా మీద నాలుగు నిమిషాలు నడిచి ‘ఇక నావల్ల కాదు బాబూ’ అని దిగిపోయిన ఆమె గుండె, పరీక్షకు తగినంత వేగం అందుకోనే లేదు. ఆ కాగితం మీద ‘మార్పులు లేవు’ అని రాసి ఉంటే అది గుండె ఇచ్చిన సమాధానం కాదు, మోకాళ్ళు అడ్డుపడి ఆపేసిన ప్రశ్న. పక్షవాతం వచ్చినవారు, కాలు తీసేసిన మధుమేహ రోగులు, ఊపిరితిత్తుల జబ్బువారు, వీరందరిదీ అదే స్థితి. సినిమాలోకానికి ఇది కొత్త కాదు. తాళ్ళకు వేలాడి, అద్దాలు పగలగొట్టి, మేడల మీది నుంచి దూకి బతికిన ఫైటర్లూ, నలభై ఏళ్ళు ఎగిరిన డాన్సర్లూ కృష్ణానగర్ సందులలో వయసు మళ్ళాక వారి మోకాళ్ళు, నడుములు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. తెర మీద ఒకరి బదులు దూకినవారు పట్టా మీద తమకోసం తాము నడవలేరు. గుండెజబ్బు సందేహం ఎక్కువగా ఉండే వయసులోనే పరుగు తగ్గిపోతుంది.

అప్పుడు ఒక విఫలమైన మందు అక్కరకు వచ్చింది. డైపిరిడమోల్‌ను 1959 ప్రాంతంలో జర్మనీలో గుండెనొప్పికి ఔషధంగా విడుదల చేశారు. కణాలు ఎడినోసిన్‌ను తిరిగి లోపలికి పీల్చుకోకుండా అది అడ్డుపడుతుంది కనుక నాళాలు విచ్చుకుంటాయి, నొప్పి తగ్గాలి. కాని ఆశించిన మేలు జరగలేదు. అది ఆరోగ్యంగా ఉన్న నాళాలనే బాగా విప్పేది. పూడిక కింద ఉన్నవి ముందే విప్పుకొని ఉన్నవి కనుక వాటికి ఒరిగేదేమీ లేదు, ఒక్కొక్కసారి వాటి వాటా కూడా పక్కవారికి మళ్ళేది. చికిత్సకు పనికిరాకుండా చేసిన ఆ గుణమే పరీక్షకు ప్రాణమయింది. గౌల్డ్ 1978లో ఈ మందు ఇచ్చి, తరువాత థాలియం ఎక్కించి, కెమెరాతో గుండెను చూశాడు. థాలియం-201 అనే రేడియోధార్మిక పదార్థాన్ని గుండె కండరం పొటాషియం అనుకొని తీసుకుంటుంది. రక్తం బాగా అందిన గోడ వెలుగుతుంది, అందని గోడ మసకగా ఉండిపోతుంది. రోగి పడుకొనే ఉన్నాడు, గుండె మాత్రం తన గుట్టు చెప్పేసింది.

ఈ రోజున మన ఆసుపత్రులలో ఎక్కువగా వాడేది టెక్నీషియం. అయినా రోగులూ, వారిని పంపే డాక్టర్లూ ఇంకా ‘థాలియం టెస్టు’ అనే అంటారు. జెరాక్సు, డాల్డా వంటి పేరే ఇది కూడా.

జూబ్లీహిల్స్‌లో అపోలో ఆసుపత్రి 1988లో వచ్చే నాటికి ఈ విద్య ప్రయోగశాల గడప దాటి ఆసుపత్రులలోకి అడుగుపెడుతున్నది. డైపిరిడమోల్ ఇంజెక్షన్‌ను గుండె చిత్రణ కోసం అమెరికా ప్రభుత్వం 1990లో అనుమతించింది. తరువాత, మధ్యవర్తి ఎందుకని నేరుగా ఎడినోసిన్‌నే ఎక్కించడం మొదలుపెట్టారు. దానికి ఈ పనికై అనుమతి 1995లో వచ్చింది. అంతకుముందే, 1989లో, అదుపు తప్పి పరుగెత్తే గుండెను ఆపి మళ్ళీ దారిలో పెట్టడానికి అది అనుమతి పొందింది. ఆ వాడకం క్యాజువాలిటీలో పనిచేసిన ప్రతి వైద్యుడికీ గుర్తుంటుంది. మందు వేగంగా నరంలోకి వెళ్ళగానే మానిటరు మీద గీత తిన్నగా సాగిపోతుంది. మూడు నాలుగు సెకన్లే. ఆ మూడు నాలుగు సెకన్లలో గదిలో ఎవరూ ఊపిరి తీసుకోరు. ఆపైన గుండె మామూలుగా కొట్టుకోవడం మొదలవుతుంది.

ఎడినోసిన్ రక్తంలో సగానికి తగ్గడానికి పది సెకన్లు కూడా పట్టదు. అందుకే పరీక్షలో దానిని ఒక్కసారిగా ఇవ్వరు. కిలో బరువుకు నిమిషానికి 140 మైక్రోగ్రాముల చొప్పున పంపు ద్వారా నాలుగు నుంచి ఆరు నిమిషాలు ఎక్కిస్తారు. ముఖం వేడెక్కుతుంది, ఛాతీ బిగుసుకున్నట్లుంటుంది, ఊపిరి అందనట్లు అనిపిస్తుంది. ‘ప్రాణం పోతున్నట్టుంది’ అన్న రోగులు ఉన్నారు. పంపు ఆపిన నిమిషంలోనే అంతా సర్దుకుంటుంది. ఈ బాధ సంగతి ముందే చెబితే రోగి తట్టుకుంటాడు. చెప్పకపోతే, మంచం మీది నుంచి లేచి సినిమా ఘట్టం తలపిస్తాడు.

బాధకు కారణం, ఎడినోసిన్‌కు శరీరంలో నాలుగు రకాల గ్రాహకాలు ఉండడం. నాళాలను విప్పేది వాటిలో ఒకటే. తక్కినవి గుండె విద్యుత్తును అడ్డగించడం, శ్వాసనాళాలను ముడుచుకొనేట్లు చేయడం వంటి పనికిరాని పనులు చేస్తాయి. ఆ ఒక్క గ్రాహకాన్ని మాత్రమే తట్టేందుకు రూపొందించినది రెగడినోసన్. 2008లో అమెరికాలో అనుమతి వచ్చింది. మనిషి బరువుతో నిమిత్తం లేకుండా 0.4 మిల్లీగ్రాములు, పది సెకన్లలో ఒకే ఇంజెక్షను. పంపు అక్కరలేదు. హైదరాబాదు మందుల కంపెనీలు కూడా ఇప్పుడు దీని జెనరిక్ తయారీలో ఉన్నవి.

ఉబ్బసం ఉన్నవారికి ఎడినోసిన్, డైపిరిడమోల్ ప్రమాదకరం. వారికి డోబుటమిన్ అనే మరో దారి ఉంది. 1975లో ఎలై లిల్లీ కంపెనీలో టటిల్, మిల్స్ అనేవారు నీరసించిన గుండెకు బలమివ్వడం కోసం దీనిని తయారుచేశారు. ఇది తూములు ఎత్తదు, పొలానికి దాహం పెంచుతుంది. గుండె నిజంగానే పరుగెత్తుతున్నట్లు వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. ఆ సమయంలో ఎకో తీస్తే రక్తం చాలని గోడ కదలిక మందగించడం కనిపిస్తుంది. రేడియోధార్మికత లేదు, ఖర్చు తక్కువ. చూసే కళ్ళకు మాత్రం అనుభవం కావాలి. ఈ పరీక్షకు ముందు బీటా బ్లాకరు మాత్రలు ఆపవలసి ఉంటుంది, అదీ డాక్టరు చెబితేనే.

ఇక తేనీటి సంగతి. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. కెఫీన్, ఎడినోసిన్ ఒకే తాళానికి పోటీపడే రెండు తాళంచెవులు. కెఫీన్ ముందుగా వెళ్ళి తాళంలో ఇరుక్కుంటుంది కాని తలుపు తియ్యదు, ఎడినోసిన్‌ను తియ్యనివ్వదు. ఉదయం ఒక ఇరానీ చాయ్ తాగి పరీక్షకు వచ్చిన మనిషికి మందు ఎక్కించినా నాళాలు విచ్చుకోవలసినంతగా విచ్చుకోవు. అప్పుడు పూడిక ఉన్న నాళానికీ లేనిదానికీ తేడా కనబడదు. చిత్రంలో గుండె అంతా సమానంగా వెలుగుతుంది, రిపోర్టు ‘నార్మల్’ అని వస్తుంది. ఆ మనిషి మిఠాయి పంచి ఇంటికి వెళతాడు, పూడిక అతనితోపాటే వెళుతుంది. అందుకే కనీసం 12 గంటలు, చాలాచోట్ల 24 గంటలు, టీ, కాఫీ, కోలా, చాక్లెట్ మానమంటారు. కొన్ని తలనొప్పి మాత్రలలోనూ కెఫీన్ ఉంటుంది. షూటింగులో ప్రొడక్షన్ బాయ్ గంటకొకసారి ట్రే పట్టుకొని తిరిగే వృత్తిలో ఉన్నవారికి ఇది కఠిన వ్రతమే. అయినా ‘ఒక్క గుక్కే కదా’ అని తాగి, అడిగితే తాగలేదని చెప్పడం కంటే, తాగానని చెప్పి పరీక్ష మరునాటికి వాయిదా వేయించుకోవడం మేలు.

టీకి దగ్గరి చుట్టం మరొకటి మన ఇళ్ళలో మందుల డబ్బాలో ఉంటుంది. 1888లో ఆల్బ్రెక్ట్ కోసెల్ తేయాకు నుంచి థియోఫిలిన్ అనే పదార్థాన్ని వేరుచేశాడు. ఆయాసానికి మనవాళ్ళు చీటీ లేకుండానే కొనుక్కొని వాడే డెరిఫిలిన్ మాత్రలో ఉన్నది ఇదే వంశం. ఇది కెఫీన్ కంటే గట్టిగా ఎడినోసిన్‌ను అడ్డుకుంటుంది. కనుక దీనిని దాచిపెడితే రెండు విధాల చేటు. పరీక్ష ఫలితం చెడుతుంది. ఉబ్బసం ఉందన్న సంగతి కూడా దాగిపోతుంది. పక్షవాతం తరువాత కొందరు డైపిరిడమోల్ మాత్రలు వాడుతుంటారు. వారు చెప్పకుండా ఎడినోసిన్ ఎక్కించుకుంటే ప్రభావం ఎన్నో రెట్లవుతుంది. పరీక్షకు వెళ్ళేటప్పుడు రిపోర్టుల ఫైలుతోపాటు మందుల డబ్బా కూడా తీసుకెళ్ళండి. సొంతంగా ఏదీ ఆపవద్దు.

ఈ మందులు పూర్తిగా నిరపాయం కావు. రెగడినోసన్, ఎడినోసిన్ ఇచ్చినప్పుడు అరుదుగా గుండెపోటు, మరణం సంభవించినట్లు 2013 నవంబరులో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. విశ్రాంతిలోనే నొప్పి వస్తున్నవారికి, నొప్పి రోజురోజుకు పెరుగుతున్నవారికి ఈ పరీక్ష చేయకూడదు. వారిని నేరుగా ఆసుపత్రిలో చేర్చాలి. మరోవైపు, ఏ లక్షణమూ లేని ఆరోగ్యవంతుడు పుట్టినరోజు కానుకగా దీనిని ప్యాకేజీలో చేయించుకోవడం నాకు సమ్మతం కాదు. కేబీఆర్ పార్కు చుట్టూ రోజూ ఆయాసం లేకుండా నడిచివచ్చే మనిషి ఉచితంగా ఒత్తిడి పరీక్ష చేయించుకుంటున్నట్లే.

ఫలితం ‘పాజిటివ్’ అని వస్తే వెంటనే స్టెంటుకు పరుగెత్తాలా? 2020లో వెలువడిన ఇస్కీమియా అధ్యయనంలో 37 దేశాలకు చెందిన 5,179 మంది రోగులు పాల్గొన్నారు. వారికి ఒత్తిడి పరీక్షలో రక్తలోపం బాగానే కనిపించింది, పరిస్థితి మాత్రం నిలకడగా ఉంది. మొదటే స్టెంటు, బైపాస్ బాట పట్టినవారికీ, ముందు మందులతో చూసినవారికీ మరణాలలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. నొప్పితో బాధపడేవారికి మాత్రం మొదటి బాటలో ఉపశమనం ఎక్కువ. ఎడమ ప్రధాన ధమనిలో పెద్ద అడ్డంకి ఉన్నవారిని, గుండె బలం బాగా తగ్గినవారిని ఆ అధ్యయనంలో చేర్చలేదు. కనుక అందరికీ ఒకటే మాట వర్తించదు. అయినా నిలకడగా ఉన్న రోగికి ఆలోచించుకొనేందుకు, రెండవ అభిప్రాయం అడిగేందుకు వ్యవధి ఉంటుందని ఆ అధ్యయనం ధైర్యమిస్తున్నది. క్యాథ్ ల్యాబులో కూడా ఫలానా అడ్డంకికి స్టెంటు అవసరమా కాదా తేల్చుకునేందుకు ఎడినోసిన్ ఎక్కించి, అడ్డంకికి అటూ ఇటూ పీడనాన్ని కొలిచే పద్ధతి ఉంది. నిష్పత్తి 0.80 కంటే ఎక్కువగా ఉంటే స్టెంటు వాయిదా వేయవచ్చు. అడిగే హక్కు రోగికి ఉంది.

సుబ్బారావుగారు హార్వర్డులో స్థిరమైన పదవి దొరకక, 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. బోదకాలుకు హెట్రజాన్, ఫోలిక్ యాసిడ్ మొదలైన వాటిపై ఆయన నాయకత్వంలో జరిగిన కృషి అందరికీ తెలిసినదే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, న్యూయార్కు సమీపంలోని పెర్ల్ రివర్‌లో ఆయన గుండె ఆగిపోయింది. అప్పటికి గుండెను పరుగెత్తించేందుకు వైద్యుల దగ్గర ఉన్నది మాస్టర్‌గారి రెండు మెట్లే.

చివరగా, పరీక్షకు వెళ్ళేవారికి ఒక ఊరట. రెగడినోసన్ తరువాత తలనొప్పి, వికారం కొంతసేపు ఉంటాయి. వాటికి విరుగుడుగా నరంలోకి ఎమినోఫిలిన్ ఇవ్వవచ్చు. బాధ స్వల్పంగా ఉంటే చాలాచోట్ల, చిత్రాలు తీయడం పూర్తయ్యాక, నర్సమ్మే ఒక కప్పు కాఫీ తెచ్చి చేతికిస్తుంది. ముందు రోజు నుంచీ నిషేధించినది ఆ క్షణంలో మందు.